లూపా, నోడా? వీట్‌స్టన్ బ్రిడ్జి మీద రెండు దారులు

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటుంది. కిర్కాఫ్ నియమాలు పేర్కొని, వాటితో వీట్‌స్టన్ బ్రిడ్జి సంతులన నియమం రాబట్టమంటుంది. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ కాలేజీ పిల్లను అడిగినా దీనికి జవాబు గడగడా రాసేస్తుంది. బొమ్మ, బాణం గుర్తులు, చివర పెట్టె గీసిన సూత్రం, ఏదీ తప్పిపోదు. అదే బ్రిడ్జిలో ఒక్క నిరోధం విలువ మార్చి, సంతులనం తప్పించి, ఇప్పుడు గాల్వనోమీటర్‌లో ఎంత కరెంటు పోతుందో చెప్పమంటే ఆ పెన్ను ఆగిపోతుంది. ఇక్కడ సూత్రం దొరకదు, సమీకరణాలు కట్టుకోవాలి. ఎనిమిది మార్కులకు నేర్పింది ఒక జవాబును. ఆ జవాబు పుట్టే పద్ధతి ఆమె చేతికి రానేలేదు.

సర్క్యూట్‌కు సమీకరణాలు కట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి లూప్ దారి: కరెంట్లను తెలియని రాశులుగా పెట్టుకుని, మూసిన వలయం వెంట ఒక చుట్టు తిరిగి వోల్టేజీలు కూడుతాం. రెండోది నోడ్ దారి. ఇంటర్ పుస్తకం సంధి అనేదాన్నే ఇంజనీరింగ్‌లో నోడ్ అంటారు. ప్రతి సంధి దగ్గరి వోల్టేజీని తెలియని రాశిగా పెట్టుకుని, అక్కడికి వచ్చే పోయే కరెంట్ల లెక్క రాస్తాం. రెండూ కిర్కాఫ్ నియమాలే, రెండింటిలోనూ జవాబు ఒకటే. అందుకే చాలామంది అధ్యాపకులు "ఏదైనా ఒకటే, నీకు వచ్చింది చెయ్" అని సర్దిచెబుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఈ రెండూ విద్యార్థి బుర్రలో వేరు వేరు అలవాట్లు పెంచుతాయి. ఎక్కడ ఏది వాడాలో తెలియకపోతే ఇంటర్ నుంచి పవర్ సిస్టమ్స్ దాకా నడిచే విద్యార్థి మధ్యలో దారి మారిన సంగతే గమనించడు.

పక్కపక్కన పెట్టి చూద్దాం. బ్రిడ్జిలో ఎ, బి, సి, డి నాలుగు మూలలు. ఎ, డి మధ్య 12 వోల్టుల బ్యాటరీ, దానికి అంతర్నిరోధం లేదనుకుందాం. ఎ-బి భుజం 1 ఓమ్, ఎ-సి 6 ఓమ్‌లు, బి-డి 4 ఓమ్‌లు, సి-డి 2 ఓమ్‌లు. బి, సి మధ్య గాల్వనోమీటర్ 1 ఓమ్.

ముందు ఇంటర్ పద్ధతి. ఎ-బి లో ఐ1, ఎ-సి లో ఐ2, బి నుంచి సి కి గాల్వనోమీటర్ గుండా ఐ3 అనుకుంటాం. సంధి నియమం వాడి బి-డి లో ఐ1 − ఐ3, సి-డి లో ఐ2 + ఐ3 అని రాసుకుంటాం. ఎ-బి-సి-ఎ లూప్ తిరిగితే ఐ1 + ఐ3 − 6 ఐ2 = 0. బి-డి-సి-బి తిరిగితే 4 ఐ1 − 2 ఐ2 − 7 ఐ3 = 0. బ్యాటరీ కలిసేలా మరో లూప్ తిరిగితే 5 ఐ1 − 4 ఐ3 = 12. మూడు తెలియని రాశులు, మూడు సమీకరణాలు. సాధిస్తే ఐ1 = 4, ఐ2 = 1, ఐ3 = 2 ఆంపియర్లు.

ఇప్పుడు నోడ్ పద్ధతి. డి ని సున్నా వోల్టులు అనుకుంటే ఎ దగ్గర 12 అని ముందే తెలుసు. తెలియనివి రెండే: బి దగ్గర ఎక్స్, సి దగ్గర వై. బి దగ్గర లెక్క: ఎ నుంచి వచ్చే (12 − ఎక్స్)/1 అంతా ఎక్స్/4 గా డి కి, (ఎక్స్ − వై)/1 గా సి కి పోవాలి. సర్దితే 9 ఎక్స్ − 4 వై = 48. సి దగ్గర అలాగే రాసి సర్దితే 5 వై − 3 ఎక్స్ = 6. ఎక్స్ = 8, వై = 6. గాల్వనోమీటర్ కొనల మధ్య తేడా 2 వోల్టులు, నిరోధం 1 ఓమ్, కాబట్టి 2 ఆంపియర్లు.

మూడుకు రెండు అన్న తేడా చిన్నదే. సమీకరణాలు కట్టేటప్పుడు చేతికి ఏం జరుగుతుందన్నది దానికంటే ముఖ్యం. లూప్ దారిలో మొదటి పనే ఊహ: గాల్వనోమీటర్‌లో కరెంటు బి నుంచి సి కా, సి నుంచి బి కా? సమస్య తేలకముందే దిశ నిర్ణయించాలి. ఊహ తప్పితే జవాబు రుణసంఖ్యగా వస్తుంది. దిశ తిరగబడిందని అర్థం చేసుకుంటే చాలు, లెక్కలో తప్పేమీ లేదు. పరీక్ష హాల్లో మాత్రం రుణసంఖ్య చూడగానే పిల్లలు భయపడి లెక్కంతా కొట్టేసి మొదటి నుంచి మొదలుపెడతారు. ఆపైన గుర్తుల బెడద: ప్రవాహం వెంట నడిస్తే తగ్గుదల, ఎదురు నడిస్తే పెరుగుదల, బ్యాటరీలో రుణధ్రువం నుంచి ధనధ్రువానికి దాటితే పెరుగుదల. ఒక్కో లూప్‌కు నాలుగైదు చోట్ల గుర్తు తప్పే వీలుంటుంది. నోడ్ దారిలో వాక్యం ఒకటే: ఇక్కడి వోల్టేజీలోంచి పక్క నోడ్ వోల్టేజీ తీసేసి నిరోధంతో భాగిస్తే బయటికి పోయే కరెంటు, అలాంటివన్నీ కలిపితే సున్నా. దిశ ఊహించే పనే లేదు. నేను చూసిన నోటుపుస్తకాల్లో సర్క్యూట్ లెక్కల తప్పుల్లో ఎక్కువ భాగం గుర్తుల దగ్గరే. కాబట్టి ఈ రెండో తేడా చిన్నది కాదంటాను.

లూప్ దారిలో మరో గొయ్యి ఉంది. పైన మూడో లూప్‌గా బ్యాటరీ ఉన్నదాన్ని తీసుకున్నాం. ఒక విద్యార్థి దాని బదులు ఎ-బి-డి-సి-ఎ అని బయటి భుజాల వెంట తిరిగాడనుకోండి. చూడ్డానికి అది కొత్త లూపే. రాసి చూస్తే 5 ఐ1 − 8 ఐ2 − 6 ఐ3 = 0 అని వస్తుంది. మొదటి రెండు సమీకరణాలను కూడితే వచ్చేదీ సరిగ్గా ఇదే. కొత్త సమాచారం ఒక్క ముక్క లేదు, 12 వోల్టుల బ్యాటరీ సమీకరణాల్లోకే రాలేదు. ఎంత సాధించినా సున్నా = సున్నా అన్న దగ్గర ఆగుతుంది. ఎందుకు ఆగిందో పిల్లవాడికి చెప్పేవాళ్లుండరు, "వేరే లూప్ తీసుకో" అని మాత్రం అంటారు. ఈ చిక్కు కిర్కాఫ్‌కు తెలుసు. 1845లో, 21 ఏళ్ల వయసులో, కోనిగ్స్‌బర్గ్‌లో చదువుకుంటుండగా ఆయన నియమాలు ప్రకటించాడు. 1847లో మరో వ్యాసం రాసి, ఎన్ని లూప్ సమీకరణాలు నిజంగా స్వతంత్రమైనవో తేల్చాడు: శాఖల సంఖ్యలోంచి సంధుల సంఖ్య తీసేసి ఒకటి కలపాలి. మన బ్రిడ్జికి బ్యాటరీతో కలిపి శాఖలు ఆరు, సంధులు నాలుగు. ఆరులోంచి నాలుగు పోతే రెండు, ఒకటి కలిపితే మూడు. నియమాల కంటే ఈ లెక్కే నాకు గొప్పగా తోస్తుంది. ఇంటర్ క్లాసులో దానికి చోటు దొరకడం లేదు.

నోడ్‌లతో ఈ పేచీ రాదు. ఒక నోడ్‌ను సున్నాగా పక్కన పెట్టి మిగిలిన వాటికి తలా ఒకటి రాస్తే అవన్నీ వాటంతటవే స్వతంత్రాలు. నోడ్‌లు సర్క్యూట్‌లో కళ్లెదుట ఉంటాయి. లూప్‌లను మనం ఎంచుకోవాలి.

పాలిటెక్నిక్‌కు, బీటెక్‌కు వచ్చేసరికి ఇంటర్ పద్ధతి మెష్ పద్ధతిగా మారుతుంది. శాఖకో కరెంటు కాకుండా, బొమ్మలోని ఒక్కో గడికి ఒక చుట్టు కరెంటు ఊహిస్తారు. రెండు గడుల మధ్యనున్న శాఖలో ఆ రెండు కరెంట్ల తేడా పోతుంది. పని శుభ్రంగా సాగుతుంది, కానీ ఆ ఉమ్మడి శాఖలో అమ్మీటర్ పెడితే తేడాయే కనిపిస్తుంది, మెష్ కరెంటు అక్కడ విడిగా మీటర్‌కు చిక్కదు. నోడ్ వోల్టేజీ అలా కాదు. మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కు తగిలించి, ఎర్ర తీగను బి దగ్గర పెడితే 8 అని అంకె కనిపిస్తుంది. ల్యాబ్‌లో కాగితం మీది లెక్కనూ బోర్డు మీది సర్క్యూట్‌నూ ఒకదానితో ఒకటి సరిచూడాల్సిన పిల్లవాడికి ఇది పెద్ద ఆసరా.

పుస్తకాల్లోకి వెళ్దాం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా కనిపించే రెండు పుస్తకాలు తీసుకుంటాను. ఒకటి హేట్, కెమర్లీల 'ఇంజనీరింగ్ సర్క్యూట్ ఎనాలిసిస్', 1962లో అమెరికాలో మొదట వచ్చింది. రెండోది ఆంధ్ర ప్రాంత ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పిన ఎ. సుధాకర్, శ్యామ్‌మోహన్ ఎస్. పల్లిల 'సర్క్యూట్స్ అండ్ నెట్‌వర్క్స్'. హేట్, కెమర్లీ నోడ్ పద్ధతి ముందు చెప్పి, ఆ తర్వాతే మెష్‌కు వస్తారు. సుధాకర్, శ్యామ్‌మోహన్ మెష్‌తో మొదలుపెట్టి నోడ్‌కు వస్తారు. మన పుస్తకం ఇంటర్ నుంచి వచ్చిన పిల్లవాడి అలవాటును గౌరవించింది. అతనికి లూప్‌లు తెలుసు, అక్కడి నుంచే చెయ్యి పట్టుకుంది. ఉపాధ్యాయుల పుస్తకం అది, పరీక్ష దగ్గర దాన్ని మించిన తోడు లేదు, లెక్కల మీద లెక్కలు చేయిస్తుంది. హేట్, కెమర్లీ ఆ అలవాటును లెక్కచేయకుండా, సర్క్యూట్ అంటే ముందు నోడ్‌లు అన్న దృష్టి ఇస్తారు.

నాకు నచ్చని అంశం ఒకటి. సమీకరణాలను చూపుతోనే రాసేసే ఉపాయం మన పుస్తకంలో త్వరగా వచ్చేస్తుంది. వికర్ణంలో కలిసే నిరోధాల మొత్తం, మిగిలిన చోట్ల ఉమ్మడి నిరోధం రుణగుర్తుతో, అంతే, మాత్రిక నిండిపోతుంది. బొమ్మలో ఏం జరుగుతోందో ఆలోచించకుండా గళ్లు నింపడం అలవాటైన విద్యార్థి, సర్క్యూట్‌లో మరో చోటి కరెంటునో వోల్టేజీనో బట్టి విలువ మారే నియంత్రిత సోర్స్ ఒకటి ఎదురైతే ఆ గళ్లలో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దిక్కులు చూస్తాడు. ఉపాయం చెడ్డది కాదు, సమీకరణం చేత్తో కట్టడం బాగా అలవాటయ్యాక రావాల్సింది.

రెండు పద్ధతుల మూలం కూడా ఒకే మనిషి దగ్గర కనిపిస్తుంది. మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలో వాహకాల వ్యవస్థను సంధుల పొటెన్షియళ్లతోనే లెక్కగట్టాడు, అంటే నోడ్ దారి. చుట్టు కరెంట్ల పద్ధతిని ఆయన కేంబ్రిడ్జిలో తన చివరి రోజుల పాఠాల్లో చెప్పాడు. 1879లో ఆయన చనిపోయాక, ఆ పాఠాలు విన్న జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అంటే మాక్స్‌వెల్ ముందు రాసింది నోడ్ దారే, మన క్లాసుల్లో అది వెనక్కి పోయింది.

వెనక్కి పోవడానికి కారణం ఉంది. లూప్ నియమం మనసుకు తేలిగ్గా ఎక్కుతుంది. పద్మాక్షి గుట్ట ఎక్కి ఏ దారిన తిరిగి బయల్దేరిన చోటికే వచ్చినా ఎక్కిన ఎత్తు, దిగిన ఎత్తు సమానమే. వోల్టేజీ కూడా అంతే అని చెబితే పదో తరగతి పిల్లవాడికి కూడా పడుతుంది. శక్తి ఎక్కడా మాయం కాదన్న నమ్మకం దీనితోనే బలపడుతుంది. నోడ్ పద్ధతికి వోల్టేజీ అన్నది ఒక బిందువు దగ్గరి విలువ అన్న భావన ముందే స్థిరపడి ఉండాలి, అందుకు కొంత ఓపిక కావాలి. దాంతో లూప్ ముందు రావడం సహజమే. కాకపోతే అక్కడే ఆగిపోయాం.

లూప్ నిజంగా నెగ్గే చోట్లూ ఉన్నాయి, వాటిని తక్కువ చెయ్యను. ఒకదానికొకటి దగ్గరగా ఉండి అయస్కాంత క్షేత్రంతో ముడిపడిన కాయిళ్లు, అంటే ట్రాన్స్‌ఫార్మర్. ప్రైమరీలో వోల్టేజీ సెకండరీ కరెంటు మీద ఆధారపడుతుంది. తెలియని రాశులు కరెంట్లైతే ఆ సంబంధం తిన్నగా సమీకరణంలో కూర్చుంటుంది. నోడ్ దారిలో దాన్ని తిరగేసి రాయాలి, మెలికలు పడుతుంది. గ్రౌండ్‌తో సంబంధం లేకుండా రెండు నోడ్‌ల మధ్య వేలాడే బ్యాటరీలు చాలా ఉన్నా నోడ్ దారిలో అదనపు తంతు తప్పదు. అలాంటి చోట మెష్‌కే నా ఓటు. అయితే బొమ్మను తీగలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద గీయగలగాలి. లేకపోతే గడులే ఉండవు.

ఇంటర్‌లో పదేపదే అడిగే మరో లెక్క చూడండి. 12 వోల్టుల సెల్, అంతర్నిరోధం 2 ఓమ్‌లు. 10 వోల్టుల సెల్, అంతర్నిరోధం 1 ఓమ్. రెండూ సమాంతరంగా 2 ఓమ్‌ల నిరోధానికి కరెంటు ఇస్తున్నాయి. లూప్‌లతో రెండు సమీకరణాలు: 4 ఐ1 + 2 ఐ2 = 12, 2 ఐ1 + 3 ఐ2 = 10. నోడ్‌తో ఒక్కటే: (12 − వి)/2 + (10 − వి)/1 = వి/2. వి = 8 అని నోటితోనే వస్తుంది, ఒక్కో సెల్ 2 ఆంపియర్లు ఇస్తోంది. ఈ లెక్కను ఇంకా లూప్‌లతోనే చేయించడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

వరంగల్‌లో ఉండి ఈ మాట మాట్లాడటానికి మరో కారణం ఉంది. ఎనిమిది మార్కుల ప్రశ్న నుంచి రాష్ట్ర గ్రిడ్ దాకా ఈ దారి మొత్తం ఇక్కడే కళ్లముందుంది. తెలుగులో ఉన్నత చదువుల పుస్తకాల కోసం 1968లో మొదలైన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు మన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు. సంధి, లూప్, విద్యుచ్చాలక బలం అంటూ కిర్కాఫ్ పాఠం తెలుగు మీడియం పిల్లలకు అందింది ఆ పుస్తకాలతోనే. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, దేశంలో ఆ కోవలో మొదటిది, 2002లో ఎన్‌ఐటీ అయింది. ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు పంచే ఎన్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హనుమకొండలో ఉంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల యూనిట్లతో నడుస్తోంది.

పెద్ద గ్రిడ్‌ను లెక్కగట్టేది నోడ్‌లతోనే. ప్రతి సబ్‌స్టేషన్ బస్ ఒక నోడ్, ప్రతి లైను రెండు నోడ్‌ల మధ్య శాఖ. అన్నీ కలిపి వై-బస్ మాత్రిక. విద్యుత్ కేంద్రాలు, లోడ్లు మెగావాట్లలో ఇస్తారు కాబట్టి చివరి సమీకరణాలు సరళంగా ఉండవు, న్యూటన్-రాఫ్సన్ లాంటి పద్ధతితో మళ్లీ మళ్లీ సాధించాలి. లోపలి ఎముకల గూడు మాత్రం మన బ్రిడ్జిలో రాసిన నోడ్ లెక్కే. కొత్తగా ఒక లైను వేస్తే మాత్రికలో నాలుగు గడులే మారతాయి. అదే లూప్‌లతో అయితే ఏ లూప్‌లు ఎంచుకోవాలో మళ్లీ తేల్చుకోవాలి. 1970ల్లో బర్కిలీలో పుట్టిన స్పైస్ ప్రోగ్రాం కూడా నోడ్ దారినే పట్టింది, విద్యార్థులు ల్యాప్‌టాప్‌లో వాడే సిమ్యులేటర్లు చాలావరకు దాని సంతానమే.

ఊళ్ల వైపు వెళ్తే ఇంకో సంగతి. గ్రామాలకు పోయే 11 కేవీ ఫీడర్ మామూలుగా ఒకే వైపు నుంచి కొమ్మలు చీలుతూ పోతుంది, అందులో లూప్‌లే ఉండవు. లూప్ లేని చోట లూప్ సమీకరణం ఏం రాస్తాం? అక్కడ ఇంజనీర్లు చివరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సబ్‌స్టేషన్ వైపు వెనక్కి వస్తూ ప్రతి సంధి దగ్గర కరెంట్లు కూడుతారు. తర్వాత సబ్‌స్టేషన్ నుంచి ముందుకు పోతూ ఒక్కో ముక్కలో పడే వోల్టేజీ తీసేస్తారు. విలువలు నిలకడ పడేదాకా ఇలా తిరుగుతారు. వెనక్కి నడిచేటప్పుడు సంధి నియమం, ముందుకు నడిచేటప్పుడు వోల్టేజీ నియమం. లైను చివర లో వోల్టేజీ వచ్చి నాట్ల వేళ మోటార్లు వేడెక్కి కాలిపోయే రైతుకు ఆ లెక్క ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. సర్క్యూట్ ఆకారం చూసి దారి ఎంచుకోవడమంటే ఇదే. ఇంటర్‌లో ఒకే దారి బట్టీ పట్టిన పిల్లవాడికి ఈ ఎంపిక అన్నది ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకంలో ఒక ఘనం ఉంది: 12 అంచులు, ఒక్కోటి 1 ఓమ్, ఎదురెదురు మూలలకు 10 వోల్టుల బ్యాటరీ. సౌష్ఠవం చూసి కరెంట్లను ఐ, ఐలో సగం అని పంచితే ఒకే సమీకరణంతో తేలిపోతుంది, తుల్య నిరోధం 5/6 ఓమ్. అందమైన లెక్క. ఎంట్రన్స్ కోచింగ్ దాని సౌష్ఠవాన్ని షార్ట్‌కట్‌గా మార్చేసి "ఘనం అంటే 5/6" అని రాయించేస్తుంది. ఒక్క అంచు 2 ఓమ్‌లు చేస్తే ఆ సూత్రం పనికిరాదు. నోడ్‌లతో అయితే ఆరు తెలియని వోల్టేజీలు, ఆరు సమీకరణాలు, అన్నిటికీ ఒకే వాక్యం. సాధించడం కంప్యూటర్‌కు వదిలేయొచ్చు. సమీకరణాలు రాయడం మనిషి పని, మార్కులు ఇవ్వాల్సింది ఆ పనికే.

అందుకని నా తీర్పు: ఇంటర్‌లో లూప్‌తో మొదలుపెట్టినా సరే, అదే వారంలో నోడ్ నేర్పాలి. ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చినప్పుడు మళ్లీ లూప్‌కు రావాలి. ఇంటర్ బోర్డుకు ఒక విన్నపం. సంతులన నియమం ప్రశ్న ఉండనివ్వండి. దాని పక్కన సంతులనం తప్పిన బ్రిడ్జి ఒకటి ఇచ్చి, "సమీకరణాలు రాయండి, సాధించనక్కర్లేదు" అని నాలుగు మార్కులు పెట్టండి. ఏ పిల్లవాడికి సర్క్యూట్ అర్థమైందో ఆ నాలుగు మార్కులు చెప్పేస్తాయి.

అంతదాకా, ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క ఇచ్చి చూడండి. పైన చెప్పిన బ్రిడ్జే, బ్యాటరీకి మాత్రం 0.6 ఓమ్ అంతర్నిరోధం ఉంది. ఇప్పుడు ఎ దగ్గరి వోల్టేజీ కూడా తెలియదు, కాబట్టి నోడ్‌లతో మూడు సమీకరణాలు, లూప్‌లతోనూ మూడే. రెండు దారుల్లోనూ రాయమనండి. డి ని సున్నాగా తీసుకుంటే ఎ దగ్గర 9.6, బి దగ్గర 6.4, సి దగ్గర 4.8 వోల్టులు రావాలి.